నట్టాక్‌ని కసరిన రోజు

మంచుబండి ఇంజను ఆగిపోయి చాలాసేపయింది. గడ్డకట్టిన సముద్రం మీద గాలి ఎంత తెల్లగా లేచిందంటే, పక్కనే తలదాచుకునే గూడు కోసం మంచుదిమ్మెలు కోస్తున్న మరిది జోవామీ కూడా అలూకికి కనబడటం లేదు.

తప్పు తనదే. పొద్దున చేపలు పట్టిన చెరువు దగ్గరే ఆకాశం అంచున మబ్బు చూసింది. ఆగుదామన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ కూతురు నట్టాక్ ఇవాళే ఇంటికి పోదామంది. పదమూడేళ్ళ పిల్లే. అయితే అలూకి తండ్రి పోయిన వారానికి పుట్టి, ఆయన పేరు పెట్టుకుంది. పేరుతోపాటు ఆ మనిషీ తిరిగి వస్తాడని వాళ్ళ నమ్మకం. అందుకే అలూకి కన్నకూతుర్ని నాన్నా అంటుంది, ఆ పిల్ల తల్లిని అమ్మాయీ అంటుంది. నాన్నకి ఎదురు చెప్పడం వాళ్ళ ఇళ్ళల్లో లేదు. కసరడం అసలే లేదు. పేరులో ఉన్న పెద్దాయన అలిగితే పిల్ల మంచాన పడుతుందంటారు.

"వదినా, మీ నాన్నగారికి టీ కావాలేమో కనుక్కో!" గాలిలోంచి జోవామీ అరిచాడు. "ఈ మంచు పిండిలా రాలిపోతోంది. గూడు కట్టేసరికి నేనూ ముసలాణ్ణయిపోతా!"

"నీ వెటకారం తగలెయ్య, చెయ్యాడించు!" అంది అలూకి. ఎలుగుబంటి వస్తేనో? పిల్ల వేళ్ళు చచ్చుబడిపోతేనో?

ఇంతలో నట్టాక్ లేచింది. "విన్నావా అమ్మాయీ? జనరేటరు చప్పుడు! ఊరు అటే. వెళ్ళి మనుషుల్ని తెస్తా."

అలూకికి ఏదో రొద తప్ప ఏమీ తెలియలేదు. "కాస్త ఆగండి నాన్నా. గూడు అయిపోవచ్చింది."

"నాకు తెలుసులే. నువ్వు ప్రతిదానికీ భయపడతావు."

తండ్రి అచ్చం అలాగే అనేవాడు. ఈలోగా నట్టాక్ గాలిలోకి నడిచింది. పిల్ల ఎర్రటోపీ అప్పుడే సగం తెల్లబడిపోయింది. ఇంకో నాలుగడుగులు వేస్తే అదీ ఉండదు.

పరుగున వెళ్ళి, అందిన కోటు అంచు పట్టుకుని వెనక్కి గుంజింది. "కూర్చోవే! కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా!"

జోవామీ మంచు కోస్తున్న కత్తి చప్పుడు ఆగిపోయింది. నట్టాక్ నోరు తెరిచి చూసింది, గూడు గోడ వెనక్కి పాకి అటు తిరిగి కూర్చుంది.

గాలి తగ్గేదాకా అలూకి ఆ పిల్ల నుదురు తడిమి చూస్తూనే ఉంది. కాస్త వెచ్చగా తగిలినా, నాన్న అలిగాడేమో అనుకునేది.

తెరిపివ్వగానే జోవామీ చప్పుడొచ్చిన వైపు వెళ్ళొచ్చాడు. ఈసారి వెటకారం లేదు. "నీళ్ళు వదినా. అక్కడ మంచు విరిగిపోయింది. పిల్ల విన్నది అలల్ని. మన ఊరి కొండ ఇటుంది, వెనకాల. నడిచిపోవచ్చు."

నట్టాక్ ఆ నల్లటి నీళ్ళ వైపు చూసింది.

"నన్నింకెప్పుడూ అలా కసరకు అమ్మాయీ," అంది.

అలూకి పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కసురుతాను నాన్నా," అంది. "నడవండి."