దూలం గారి నేల

ఉక్కు దూలమూ, దాని మీద పోసే కాంక్రీటు పలకా కలిసి ఎంత కుంగుతాయో లెక్కకడుతూ, సగంలో ఆగి, దూలం గారు కళ్లు నలుపుకున్నారు. ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. బక్కపలచటి మనిషి. వీపు కాస్త ముందుకు వంగింది.

“ఊళ్లో దూలాలన్నిటి వంపూ లెక్కకడతారు, మీ వంపు మాత్రం వదిలేశారు,” అని గుమాస్తా వేళాకోళమాడితే, “నా మీద బరువు పడి చాలా కాలమైందిలే,” అని నవ్వేసేవారు.

మధ్యాహ్నం ఆర్కిటెక్టు డ్రాయింగుల చుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. కొత్త బడిలో సంగీతం గది ఎత్తుగా కనబడాలని ఆమె పట్టు.

“ఈ దూలం ఇంకాస్త సన్నం చెయ్యకూడదా? విరిగిపోతుందా ఏంటి?”

“విరగదమ్మా, కుంగుతుంది. పచ్చి కాంక్రీటు బరువంతా ముందు ఉక్కు ఒక్కటే మొయ్యాలి. అది గట్టిపడ్డాకే కదా రెండూ ఒక్కటయ్యేది! ఈలోపే ఇది నడుం వాల్చేస్తుంది.”

ఆమె మొహం చిన్నబోయింది. ఆయనకు మనసొప్పలేదు. పెన్సిలు కొస కొరుకుతూ చాలాసేపు కాగితం వంక చూశారు.

“ఉండమ్మా. కార్ఖానాలోనే దూలాన్ని కాస్త పైకి వంచి తెప్పిద్దాం. కాంక్రీటు పోశాక ఆ వంపు దిగి సమంగా నిలుస్తుంది.”

“మరి పైన పిల్లలు గంతులేస్తే?”

“అదీ చూస్తాను.”

సాయంత్రానికి లెక్క కుదిరింది. కానీ ఆ గంతుల మాట ఆయన్ని వదల్లేదు.

ఆయన మొట్టమొదట లెక్కకట్టిన నేల గ్రంథాలయం మేడగదిది. పెళ్లయిన కొత్త. పుస్తకాలింకా రాని ఆ గది నడిమధ్య భార్యను నిలబెట్టి, “ఎగురు,” అన్నారు.

“బాగుంది వరస! ఎవరైనా చూస్తే నవ్విపోతారు,” అంటూనే ఆమె ఎగిరింది.

“కదిలిందా?”

“నేల కదల్లేదు గానీ, మీ మొహాన నెత్తురు చుక్క లేదు!”

పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఖాళీ గదిలో మూలమూలకూ వెళ్లి తిరిగొచ్చింది. ఆమె పోయాక ఆయన సాయంత్రాలు అక్కడే గడుస్తున్నాయి.

“ఏం దూలం గారూ, మీ నేల గట్టిగానే ఉందా?” గ్రంథాలయం చూసుకునే ఆవిడ ఆ సాయంత్రమూ రోజూలాగే పలకరించింది.

“ఇప్పటికైతే ఉంది.”

మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. గది మధ్యలో కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి, అరికాళ్లు నేలకానించారు. చల్లగా, నిబ్బరంగా ఉంది. ఇద్దరు ఆడపిల్లలు అలమరాల మధ్య తరుముకుంటున్నారు. వాళ్లమ్మ కసిరింది.

“పరిగెత్తనియ్యమ్మా, ఏం కాదు,” అన్నారాయన. ఆ అడుగుల చప్పుడు అరికాళ్లలో సన్నగా తెలుస్తుంటే కళ్లు మూసుకున్నారు.

దీపాలార్పే వేళకు గ్రంథాలయం ఆవిడ వచ్చి, “మూసేస్తున్నామండీ,” అంటూ భుజం తట్టింది. ఆయన గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. మళ్లీ పిలిచింది. తర్వాత మెల్లగా, చల్లబడిపోయిన ఆయన చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చుండిపోయింది.

కబురందుకుని వచ్చినవాళ్లు ఆయన్ని ఒడుపుగా మెట్లు దింపి తీసుకెళ్లారు. మేడగదిలో కుర్చీ కింద, ముడులు విప్పిన బూట్ల జత, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మేజోడు మడిచిపెట్టి, పక్కపక్కనే ఉంది.