ఆమెన్ వేళకి టీ

"ఆమెన్ అనేసరికి మీ మామయ్యగారి చేతిలో టీ ఉండాలమ్మాయ్. ముందొస్తే ప్రార్థన చెడుతుంది, ఆలస్యమైతే ఆయన మనసు చెడుతుంది."

కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చెప్పిన ఈ ఒక్క మాటని పెద్దకోడలు ఏళ్ల తరబడి పొల్లుపోకుండా పాటిస్తూ వచ్చింది. తెల్లవారగానే ఇంటిల్లిపాదీ ముందుగదిలో కూర్చుంటారు. మామగారు బైబిల్లోంచి ఒక అధ్యాయం చదువుతారు. ఆయన వేలు చివరి పేజీకి వచ్చేసరికి అత్తగారు తలెత్తి ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపుకి మాటలక్కర్లేదు. పెద్దకోడలు లేచి వెళ్లి పొయ్యి వెలిగిస్తుంది. టీ మరిగేలోపు అధ్యాయం అయిపోతుంది, దానికి అర్థం చెప్పడమూ అయిపోతుంది, ప్రార్థనా అయిపోతుంది. ట్రే పట్టుకుని గడప దాటేసరికి సరిగ్గా ఆమెన్. ఆమె టీని చూసి గడియారం సరిచేసుకోవచ్చని మామగారు వచ్చినవాళ్ల ముందు గొప్పగా చెప్పుకునేవారు.

అలా ఆమెకి బైబిల్లో కథలన్నిటికీ మొదళ్లు తెలుసు, చివర్లు తెలియవు. జలప్రళయంలో నీళ్లు పెరగడం వరకే వింది. మనుషులింకా భూమ్మీద తిరుగుతున్నారు కాబట్టి తగ్గే ఉంటాయని తనే అనుకుంది. పుట్టింట్లో ఆ పుస్తకం లేదు, చిన్నప్పుడు చెప్పినవాళ్లూ లేరు. ఆదివారం చర్చికెళ్తే పక్కగదిలో సంఘంవాళ్ల చంటిపిల్లల్ని ఆడించే పని ఆమెది. "నీ దగ్గరైతే ఏడవరు" అని తలా ఒక పిల్లని ఒళ్లో పెట్టి వెళ్తారు. ఒకసారి భర్తతో ఈ మాటంటే, "పుస్తకం బల్లమీదే ఉంటుందిగా, చదువుకోవద్దని ఎవరన్నారు?" అన్నాడు. నిజమే, ఎవరూ అనలేదు. ఆ మాటకొస్తే పగలు పడుకోవద్దని కూడా ఎవరూ అనలేదు. అయినా ఆ మొదళ్లతోనే ఆమె నెట్టుకొచ్చింది. ప్రయాసపడి భారం మోసేవాళ్లందరూ నా దగ్గరికి రండి, అన్నంతవరకు ఒక పొద్దున చెవిన పడింది. ఆ వచ్చినవాళ్లకి ఏమిస్తానన్నాడో కుక్కరు కూతలో కలిసిపోయింది. అయినా పిలిచాడు కదా, తనలాంటివాళ్లనే పిలిచాడు కదా అని ఆ సగం మాటనే ఆమె ఆరోజంతా నాలుక కింద దాచుకుంది. బస్సులో నిలబడి వెళ్తుంటే కాళ్లనొప్పి కాస్త తగ్గినట్టు కూడా అనిపించింది.

అంతా సవ్యంగా ఉన్నప్పుడే తోటికోడలు దిగింది.

మరిదీ ఆమే ఒకప్పుడు చెప్పాపెట్టకుండా వేరే ఊరు వెళ్లిపోయినవాళ్లు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు కాదు. మామగారు మంచం పట్టిన రోజుల్లో కూడా రాలేదు. ఆయన్ని లేపి కూర్చోబెట్టింది, ఒళ్లు తుడిచింది, చెంచాతో గంజి పట్టింది పెద్దకోడలు. తర్వాతెప్పుడో అక్కడ వ్యాపారం మునిగి, ఇద్దరూ ఒక పెట్టెతో గుమ్మంలో నిలబడ్డారు. మామగారు చెప్పులేసుకోకుండా వీధిలోకి పరిగెత్తారు. ఆ పూట వచ్చిన చుట్టాలకీ సంఘంవాళ్లకీ వండింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. వెలుతురొచ్చే గది వాళ్లకిచ్చారు. నెల తిరక్కుండా పొద్దుటి ప్రార్థనలో వాక్యానికి అర్థం చెప్పే పని చిన్నకోడలికి వచ్చింది. వాళ్లది తాతల నాటి నుంచీ విశ్వాసుల కుటుంబం. గొంతు తేనె. ఆమె బైబిల్లో రంగురంగుల పెన్సిల్ గీతలు. చెప్పింది ఫోన్లో రికార్డు చేసి సంఘంలో ఆడవాళ్లందరికీ పంపేది. దుకాణాల దగ్గర, బస్టాపులో ఎవరు కనబడినా, "మీ తోటికోడలి మాట వింటేగానీ మాకు తెల్లవారదు" అనేవాళ్లు.

పెద్దకోడలికి ఒళ్లు మండేది. దీన్ని ఇంకో పేరుతో పిలవడం అనవసరం, అది అసూయే. ఆ మెత్తటి దిండు మీద కుడిచెయ్యి ఆన్చి కూర్చునే తీరు చూస్తే అసూయ. ఉల్లిపాయ వాసన లేని ఆ వేళ్లు చూస్తే అసూయ. మామగారు "ఇంకోసారి చెప్పమ్మా ఆ మాట" అని అడుగుతుంటే, తనని ఆయన జన్మలో రెండోసారి అడిగింది పచ్చడొకటేనని గుర్తొచ్చి కడుపు రగిలిపోయేది. అవతల గొంతు తియ్యగా సాగే సమయం చూసి ఇవతల మిక్సీ వేసేది. చిన్నకోడలి కప్పులో పంచదార తగ్గించేది. ఆ పిల్ల చప్పటి టీ తాగి, "అక్కా, నీ చేతి టీ ఎంత బాగుంటుందో" అనేది. దాంతో మంట రెట్టింపయ్యేది. తిట్టినా బాగుండును, తిరిగి తిట్టడానికి వీలుండేది.

ఒకరోజు వాక్యం, వెతకండి దొరుకుతుంది అన్న మాట మీద. టీ తెస్తూ చివరి ముక్క వింది. ఆమె భర్త కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. కాసేపటికి స్నానాలగది ముందు నిలబడి, "నా సాక్సులెక్కడున్నాయి?" అని కేకేశాడు. ఆ ఇంట్లో వెతకడమంటే పెద్దకోడల్ని పిలవడం. "చూడు, చిన్నదానికి వయసు తక్కువైనా ఎంత లోతుగా చెప్తుందో. దేవుడి దగ్గర కూర్చుంటే వస్తుంది ఆ జ్ఞానం" అన్నాడు సాక్సులు తొడుక్కుంటూ. కూర్చుంటే వస్తుందని ఆమెకీ తెలుసు. కూర్చోవడమే రాలేదు.

ఆమె కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించి, వచ్చినవాళ్ల ముక్కుకీ చెవులకీ సరిపోయేలా వంచేది ఆమె. "నేను దగ్గరుండి చేయించానండీ" అని చెప్పేది యజమాని. చివర్లో చిన్న అక్షరాల అట్ట ఒకటిచ్చి చదివిస్తారు. ఆరోజు వచ్చిన ముసలావిడ, ఎప్పుడో నర్సుగా చేసి మానేసిన మనిషి, ఆ అట్ట పక్కన పెట్టేసింది.

"ఇదెవరిక్కావాలమ్మా? నేను చదివేది ఇది. ఇది కనబడితే డబ్బులిస్తా, లేకపోతే లేదు" అని సంచిలోంచి అరచేతిలో పట్టేంత బైబిల్ తీసి, గుర్తుకోసం రిబ్బను పెట్టుకున్న చోట తెరిచింది. పెద్దకోడలు ఆమె చెవి వెనక కాడ సవరిస్తోంది. ముసలావిడ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదవసాగింది. పెద్దకొడుకు పొలం పని చేసుకుని ఇంటికొస్తున్నాడు. పాటలూ ఆటలూ వినబడ్డాయి. ఏమిట్రా అని పనివాణ్ణి అడిగితే, మీ తమ్ముడు తిరిగొచ్చాడు, మీ నాన్న కొవ్విన దూడని కోయించాడు అన్నాడు. పెద్దవాడికి కోపమొచ్చి లోపలికెళ్లనన్నాడు.

పెద్దకోడలి చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, ఇది తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు కథేనా?"

"అవును, అదే."

"వాడికి అన్న ఉన్నాడా?"

"ఎందుకు లేడు? కథ మొదట్లోనే ఇద్దరు కొడుకులని చెప్తారుగా. జనం చిన్నోడి వెంట పడి పెద్దోణ్ణి మర్చిపోతారు."

మామగారికి ఆ కథంటే ప్రాణం. చిన్నకొడుకొచ్చాక ఎన్నిసార్లు చదివించుకున్నారో లెక్కలేదు. ప్రతిసారీ తండ్రి దూడని కోయించే చోటికి రాగానే అత్తగారి చూపు వచ్చేది, ఆమె లేచేది. టీతో తిరిగొచ్చేసరికి అందరూ కళ్లు తుడుచుకుంటూ ఉండేవాళ్లు. సినిమా అయిపోయాక హాల్లోకి వచ్చినట్టుండేది. ఇద్దరు కొడుకులన్న మొదటి మాట చెవిన పడినా పట్టించుకోలేదు, విందుతో కథ అయిపోయిందనే ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు చూస్తే, ఆ విందు బయట గుమ్మం దగ్గర చెమటతో, మట్టికాళ్లతో, కడుపుమంటతో ఒకడు నిలబడే ఉన్నాడు. తను వంటింట్లో నిలబడినంతసేపూ వాడూ అక్కడ నిలబడే ఉన్నాడు.

"తర్వాత? చదవండమ్మా. అద్దం సరిపోయిందో లేదో చూడాలి" అంది.

తండ్రి బయటికొచ్చాడట. రమ్మని బతిమాలాడట. ఇన్నేళ్లు గొడ్డుచాకిరీ చేశాను, నీ మాట జవదాటలేదు, నా స్నేహితులతో సంతోషించడానికి ఒక్క మేకపిల్లనైనా ఎప్పుడిచ్చావని కొడుకు కడిగేశాడట. బిడ్డా, నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నాదంతా నీదే అన్నాడట తండ్రి. నీ తమ్ముడు చచ్చి బతికినట్టు తిరిగొచ్చాడు, సంతోషించొద్దా అన్నాడట. అక్కడితో అయిపోయింది. ముసలావిడ పుస్తకం మూసి, "బాగా కనబడుతోంది" అంది. పెద్దకోడలు ముఖం పక్కకి తిప్పుకుని, అద్దాలు తుడిచే గుడ్డతో కళ్లు తుడుచుకుంది. ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టుంది. అసూయతో రగిలిపోయే మనిషి కూడా ఆ పుస్తకంలో ఉన్నాడు. వాణ్ణి వెళ్లగొట్టలేదు, వాడి దగ్గరికి తండ్రి నడిచొచ్చాడు.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ భర్తని అడిగింది. "ఆ తప్పిపోయిన కొడుకు కథలో, పెద్దకొడుకు గురించి మీ మరదలు ఏం చెప్పింది?"

"పెద్దకొడుకా? ఆఁ, వాడా. అసూయపడేవాళ్లు ఆశీర్వాదం పోగొట్టుకుంటారని చెప్పింది. బాగా చెప్పింది."

"మీరేమన్నారు?"

"నేనేమంటాను? ఆ లెక్కన ఇంటికి పెద్దకొడుకుని నేనేగా. తమ్ముడొచ్చినందుకు నాకేమైనా అసూయ ఉందా? నవ్వుకున్నాను."

"పొలంలో ఉన్నది మీరు కాదుగా" అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు చేసే పనే చేశాడు, ఫోన్ తీసి చూసుకున్నాడు. మడతపెట్టిన చొక్కాల దొంతర అతని పక్కనే పెరుగుతూ పోయింది. తను లేనప్పుడు ఆ గదిలో కూర్చుని అందరూ తన గురించే తీర్పు చెప్పుకున్నారనిపించి మొదట ఆమెకి మండిపోయింది. వాళ్లకా ఊహే లేదని తర్వాత తట్టింది. అది ఇంకా ఎక్కువ మండింది. పోనీ, ఆ తండ్రిలాగా ఇంట్లో ఎవరైనా లేచి వంటింట్లోకొచ్చి, రామ్మా, నువ్వు లేకుండా ఏమిటిది అని బతిమాలతారా? ఇన్నేళ్లుగా లోలోపల ఎదురుచూసింది దానికేనని అప్పుడు తెలిసింది. ఎవరూ రారు. వాళ్లకి ఆమె బయట ఉన్నట్టే తెలీదు, టీ లోపలికి వస్తూనే ఉంది కదా.

మర్నాడు పొద్దున ఆమె ముందుగదిలోకి అందరికంటే ముందొచ్చి, "మామయ్యగారూ, ఇవాళ ఆ ఇద్దరు కొడుకుల కథ చదవండి" అంది. ఆయన ఆశ్చర్యపడినా సంతోషంగా పేజీ తిప్పారు. విందు దగ్గరికొచ్చేసరికి అత్తగారి చూపు వచ్చింది. పెద్దకోడలు చూసి కూడా లేవలేదు. అత్తగారు దగ్గింది. అప్పుడు పెద్దకోడలు నేలమీద నుంచి లేచి, వంటింటి వైపు కాకుండా తోటికోడలి దగ్గరికి వెళ్లి, "కొంచెం జరుగు" అంది. ఆ పిల్ల జరిగింది, దిండు సగం ఇచ్చింది. మామగారు చివరిదాకా చదివారు.

"పెద్దకొడుకు లోపలికెళ్లాడా?" అని అడిగింది పెద్దకోడలు.

తోటికోడలు తడుముకుంది. "రాయలేదక్కా."

"నువ్వు వాడికి అసూయని చెప్పావట. అసూయే, కాదనను. నాకు తెలుసు దాని సంగతి. కానీ వాడు చాకిరీ చేశానన్నప్పుడు, నువ్వు చెప్పేది అబద్ధమని తండ్రి అనలేదు చూశావా? నాదంతా నీదే అన్నాడు. అంటే ఆ విందు కూడా వాడిదే. అందులో వడ్డించడానికి కాదు, కూర్చోవడానికి."

చిన్నకోడలు ఆమె వైపే చూస్తూ, మెల్లిగా తన పెన్సిల్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "గీయక్కా. నేనెప్పుడూ అక్కడ గీత గీయలేదు" అంది. మామగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నారు. అలవాటుగా చెయ్యి చాపారు. చేతిలోకి ఏమీ రాలేదు.

అత్తగారు చిన్నకోడలి వైపు చూసింది. ఆ పిల్ల లేవబోయింది. పెద్దకోడలు ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వూ కూర్చో" అని లాగింది. ఇక చూపులన్నీ తిరిగి తిరిగి పెద్దకోడలి భర్త మీద ఆగాయి. అతను అటూ ఇటూ చూసి లేచాడు. వంటింట్లో ఒక గిన్నె పడింది, రెండు డబ్బాల మూతలు తీసిన చప్పుడయింది.

"టీపొడి ఎక్కడుంది?" అని కేకేశాడు లోపల్నుంచి.

ఆమె పెన్సిల్‌తో గీత గీస్తూ, తలెత్తకుండానే అంది. "వెతకండి. దొరుకుతుంది."