నూనె సీసా మీద గీతలు

దొంగ ఎవరో పూలమ్మ ఒక్క రోజులో తేల్చేసింది. కొడుకు మహిపాల్‌కు ముప్పై మూడేళ్లకే గుండెనొప్పి వచ్చింది. నెత్తురులో కొవ్వు మూడు వందల ఎనభై ఉందన్నారు. మరి ఇంట్లో వంట చేసేదెవరు? కోడలు స్నేహలత. ఇంకేం కావాలి.

ఆ రోజు నుంచి కాశిబుగ్గలోని ఆ ఇంట్లో నూనె సీసా మీద గీతలు పడ్డాయి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కోడలు పోపు వేస్తుంటే పూలమ్మ వెనకే నిలబడి వాసన పట్టేది. నూనె గీతకు సరిగ్గా ఉంటే మరీ అనుమానం. ఇంకో సీసా దాచిందేమోనని బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికేది. స్నేహలత పల్లెత్తు మాట అనేది కాదు. అది చూసి పూలమ్మకు ఇంకా ఒళ్లు మండేది. తప్పు చేయని మనిషైతే నోరెందుకు విప్పదు?

మూడు నెలలు ఉడకబెట్టిన కూరలు తిని, మందులు మింగినా కొవ్వు పెద్దగా దిగలేదు. "ఈసారి నేనొస్త దవాఖానకు. డాక్టరమ్మ ముంగటనే తేలుస్త" అని పూలమ్మ కూడా ఆటో ఎక్కింది.

"వంటతోని వచ్చింది కాదమ్మా ఇది" అంది డాక్టరమ్మ. "లివర్‌ల కణాల మీద రిసెప్టర్లని ఉంటయ్. నెత్తుర్ల తిరిగే కొవ్వును పట్టి లోపలికి గుంజుకునేటివి అవే. మీ కొడుకుకు పుట్టుకతోనే అవి సగం పనిచేస్తలేవు. నూనె మొత్తం బంద్ పెట్టినా సరిపోదు, మందు డోసు పెంచాలె."

పూలమ్మ నమ్మలేదు. కోడలు ముందే వచ్చి ఈమెను మచ్చిక చేసుకుందేమో.

డాక్టరమ్మ మహిపాల్ మడమ వెనక గట్టిగా ఉన్న గడ్డను నొక్కి చూసింది. "ఇది అమ్మ నుంచో నాయిన నుంచో వస్తది. ఇంట్ల ఇంకెవరికన్న ఇట్లాంటి గడ్డలున్నయా?"

పూలమ్మ గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కుంది. ఆమె రెండు మడమలకూ ఉన్నాయవి. ఇరవై ఏళ్లు మగ్గం తొక్కితే కాసిన కాయలనుకుంది. రోజూ వాటిని మర్దన చేసేది స్నేహలతే. ఇక చెప్పేస్తుంది, తన పరువు తీస్తుంది.

"నాకు తెల్వదు మేడం" అంది స్నేహలత, నేల చూపులు చూస్తూ.

పూలమ్మ కోడలి వైపు చూసింది. చీర అంచు పైకి లాగి కాలు ముందుకు చాపింది. "దానికి తెలుసు డాక్టరమ్మా. నాకున్నయ్. నా కొడుకుకు ఇచ్చింది నేనే."

డాక్టరమ్మ ఆ గడ్డలను తడిమి చూసింది. "మీకూ పరీక్ష చేయాలె. వీళ్లకు పిల్లలున్నరా?"

"ఒక పాప" అంది స్నేహలత. "ఆరేండ్లు."

"పాపకు కూడా చూడాలె."

బయటికి వచ్చాక పూలమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నన్ను ఒక్క మాట తిట్టు బిడ్డా."

స్నేహలత తిట్టలేదు. పాప బడి విడిచే టైమైందని ఆటో పిలిచింది.