బోర్డు మీద నల్లరంగు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఎల్బీనగర్ కాలనీ ఎలా బతికిందో పిల్లలకు తెలియాలని, కమ్యూనిటీ హాల్లో చిన్న మ్యూజియం పెడదామన్న బుద్ధి నాకే పుట్టింది. రిటైరైన టీచర్ని, చేతులు కట్టుకుని కూర్చోలేను కదా. ఫొటోలూ జెండాలూ బోలెడు వచ్చాయి. అసలు వస్తువు మాత్రం మా పక్కింటి వెంకట్రావుగారి మెస్ బోర్డు. 'హనుమాయమ్మ ఆంధ్రా మెస్' అన్న పేరులో 'ఆంధ్రా' మీద నల్లరంగు పూసి ఉంటుంది.

దాని కింద అంటించే చీటీ దగ్గర గొడవొచ్చింది. యజమానులే ఇష్టపడి చెరిపేశారని రాయమన్నాడు, ఉద్యమ కమిటీలో తిరిగిన మా ఆయన యేసుదాసు. ఆ రోజుల్లో గుంటూరులో పెళ్లికి ఒక్కరే వెళ్లొచ్చేసరికి బోర్డు నల్లగా కనబడింది వెంకట్రావుగారికి. ఉద్యమకారులు దౌర్జన్యంగా పూశారని రాయాలనీ, లేకపోతే బోర్డు పట్టుకుపోతాననీ ఆయన పట్టు. తెల్లారితే ప్రారంభోత్సవం. ఇన్నేళ్లూ గోడ మీదుగా కూరగిన్నెలు అందించుకున్న వాళ్లు మొహాలు తిప్పుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. బోర్డు పోతే పీడా పోయె, ఈ స్నేహం పోతే ఎక్కడ తెచ్చుకోను?

వెంకట్రావుగారు బోర్డు చంకన పెట్టుకుని గుమ్మం దాటబోతుంటే ఆయన భార్య హనుమాయమ్మగారు అడ్డం నిలబడ్డారు.

"ఆ రంగేసింది యేసుదాసుగారేనండీ. స్టూలు పట్టుకుంది నేను. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు, అందుకే మీక్కూడా చెప్పలేదు."

మర్నాటి బంద్‌లో మెస్ పగలగొడతారని తెలిసి, మా ఆయన చీకటితోనే వెళ్లి ఆ ఒక్క మాటా చెరిపేశాడట. నాతో మాత్రం జెండా కర్రకు రంగేశానన్నాడు. ఆ చొక్కా ఉతకలేక నా రెక్కలు పడిపోయాయి, మహానుభావుడు!

"ఇన్నేండ్లు ఎందుకు దాచినవ్?" అన్నాను.

"పగలగొట్టేది మావోళ్లే. వద్దని చెప్పే ధైర్యం లేకుండె. అది ఎట్ల చెప్పుకుంట?" అన్నాడు తల దించుకుని.

వెంకట్రావుగారు బోర్డు కిందికి దించి, దానివంక కాసేపు చూసి, ఉన్నట్టుండి నవ్వారు. ఇంత వంకరగా ఎవరు పూశారా అని ఇన్నేళ్లూ తిట్టుకున్నారట.

ఎవర్నీ అడక్కుండా చీటీ రాశాను: 'ఈ రంగు పూసింది యేసుదాసు. స్టూలు పట్టుకుంది హనుమాయమ్మ. ఇద్దరూ భయపడ్డారు.'

వెంకట్రావుగారు నా చేతిలోంచి పెన్ను లాక్కుని కింద ఇంకో మాట చేర్చారు: 'నాకు ఇవాళే తెలిసింది. వెంకట్రావు.'