మంచుకొండ మీది ఇనప్పొయ్యి

నేను ఒక ఇనప్పొయ్యిని. రేకు పొయ్యి అనుకునేరు, పోత ఇనుముతో చేసినదాన్ని. నలుగురు మోస్తే గాని కదలను. నా నెత్తిన రెండు గుండ్రటి మూతలు, ముందు కట్టెలు పెట్టే తలుపు, వెనక ఇంటికప్పు దాటి పైకి పోయే పొగగొట్టం ఉండేవి. బదరీనాథ్ దారిలో, గఢ్వాల్ కొండల మీద ఒక బసలో చాలాకాలం పనిచేశాను. మనుషులు కాళ్లకు చెక్కలు కట్టుకుని మంచు మీద జారడానికి అక్కడికి వస్తారు. జారడానికి అంత దూరం రావాలా, ఇంట్లో తడిసిన పెరడు లేదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

నేను పుట్టింది పంజాబులో ఒక పోతపని కార్ఖానాలో. నా పూర్వజన్మలు అడిగితే పాత కుట్టుమిషను కాళ్లు, బోరింగు పంపు ముక్కలు, ఒక మురుగుకాలవ మూత. అన్నిటినీ ఒకే కొలిమిలో కరిగించి ఇసుక అచ్చులో పోశారు. కరిగిన తరవాత ఇందులో కుట్టుమిషను ఎంత, కాలవ మూత ఎంత అని ఎవరూ అడగలేదు. మనుషులకు ఆ సౌకర్యం లేదు పాపం.

నన్ను మొదట కొన్నది ఒక అటవీ అధికారి. అడవులను కాపాడుకోవాలని సాయంత్రం అతిథులు వచ్చినప్పుడల్లా ఉపన్యాసం చెప్పేవాడు. చెబుతూ చెబుతూ నా నోట్లో దేవదారు దుంగ తోసేవాడు. ఉపన్యాసం ఎంత పొడుగైతే దుంగలు అన్ని పట్టేవి. ఆయనకు బదిలీ అయ్యాక రోడ్డు వేసేవాళ్ల శిబిరానికి చేరాను. అక్కడి ఆఫీసర్లు నా ముందు కాళ్లు చాపుకుని, బయట మంచులో రాళ్లు కొట్టేవాళ్లకు చలి అలవాటైపోయిందని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. రోడ్డు పూర్తయ్యాక శిబిరం ఎత్తేశారు. వేలంలో నన్ను బస నడిపే కుందన్ సింగ్ పాడుకున్నాడు. కంచరగాడిద మీద ఎక్కిస్తే అది కూర్చుండిపోయింది. చివరికి మనుషులే మోశారు.

కుందన్ సింగ్ బసలో రాతి గోడలు, రేకు కప్పు, ఒకటే పెద్ద గది. ఆ గదిలోనే నేను, నా చుట్టూ బల్లలు, పైన చెక్క అటక. ఎంతటివాళ్లయినా ఆ అటక మీద పక్కపక్కన పడుకోవలసిందే. అక్కడ నౌకర్లు లేరు. వచ్చినవాళ్లే ఒక పూట వండాలి, ఒక పూట గిన్నెలు తోమాలి, ఒక పూట కట్టెలు మోయాలి. మిగిలిన పూటలన్నీ కుందన్ సింగ్ వాళ్లకు జారడం నేర్పుతాడు. ఎవరి వంతు వాళ్లు చేస్తే అందరికీ మంచు దక్కుతుంది, అదీ లెక్క. ఒకసారి ఒక జడ్జి గారు నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎన్నో తీర్పులిచ్చారు కానీ కన్నీళ్లు రావడం అదే మొదలట.

పోయిన మాఘమాసంలో అత్తిలి నుంచి నరసింహ భక్త సమాజం వారు వచ్చారు. కొండ కింద నరసింహస్వామి దర్శనం చేసుకున్నాక, మంచు కూడా చూపిస్తానని టూరు ఏజెంటు వాళ్లను పైకి పంపాడు. బస తలుపు తెరుచుకోగానే మనుషుల కంటే ముందు తువ్వాళ్లు లోపలికి వచ్చాయి. వాళ్ల ఊళ్లో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు తమదైపోతుందట. నా చుట్టూ ఉన్న బల్లలన్నీ క్షణంలో నిండాయి. ఒక తువ్వాలు గురి తప్పి నా నెత్తిన పడి, చుయ్యిమని కాలిపోయింది.

“ఎవరయ్యా ఇక్కడ పొయ్యి పెట్టిందీ!” అని కేకేశారు ఆ తువ్వాలు యజమాని.

ఆయన విశ్వపతి గారు, సమాజానికి అధ్యక్షులు. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఆయన వెనక ఆయన అక్కగారు పేరిందేవి, చేతిలో జపమాలతో, అయ్యో మోకాళ్లు అంటూ వచ్చి నాకు దగ్గరగా కూర్చుంది. అందరి కంటే ఆఖరున, రెండు సంచులు మోసుకుంటూ విశ్వపతి గారి భార్య హైమవతి వచ్చింది. సంచులు దించి, ఆమె బల్లల వైపు చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరకు వెళ్లి, అద్దం మీది ఆవిరిని కొంగుతో తుడిచి బయటికి చూసింది. వాలు మీద జనం జారుతున్నారు.

ఆమె నాగపూర్లో చాలాకాలం కాపురం చేసింది కాబట్టి హిందీ వచ్చు. కుందన్ సింగును పిలిచి అడిగింది.

“ఆడవాళ్లు కూడా జారతారా బాబూ?”

“మా ఆవిడ జారుతుందమ్మా. మా అమ్మా జారేది.”

“నాకు అరవై దగ్గర పడ్డాయి.”

“మోకాళ్లు వంగుతాయా?”

“పెళ్లయిన దగ్గర్నుంచీ వంగుతూనే ఉన్నాయి. అవొక్కటీ బావున్నాయి.”

కుందన్ సింగ్ నవ్వాడు. “అయితే ఒక్క పూట నాకివ్వండి. జారించే పూచీ నాది.”

“ఒక్కసారి జారితే చాలు బాబూ. మళ్లీ ఈ కొండ ఎక్కేదెప్పుడు?” అంది. ఆమె ముఖం చూశాను. పండగపూట కొత్త గౌను తొడుక్కున్న పిల్ల ముఖంలా ఉంది. మూడో రోజు మధ్యాహ్నం వాళ్ల బస్సు. మూడు రోజుల్లో ఒక్క పూట దొరకకపోతుందా అని నేను ధీమాగా ఉన్నాను. పొయ్యిని కదా, లోకజ్ఞానం తక్కువ.

ఆ పొద్దున్నే టీ దగ్గర కుందన్ సింగ్ వంతులు చెప్పాడు. వంట విశ్వపతి గారిది అన్నాడు.

“మా ఆవిడ చూసుకుంటుంది,” అన్నారు విశ్వపతి గారు.

గిన్నెలు ఇంకో భక్తుడి వంతు. ఆయన భార్యకు జలుబు. ఆయన హైమవతి వైపు చూసి, “చెల్లెమ్మ ఎలాగూ అక్కడే ఉంటుంది కదా,” అన్నాడు. కట్టెలు మోయవలసిన భక్తుడికి నడుం పట్టింది. మంచు మీదికి వెళ్లడానికి మాత్రం ఆ నడుం వదిలేసింది. పైగా మిగతా బస వాళ్లు వండింది సమాజం వారు తినరు. మడి. అందుకని వాళ్ల వంట వాళ్లకు వేరే కావాలి. ఆ వేరే వంట కూడా హైమవతిదే. అలా మూడు రోజుల వంతులూ ఒక్క మనిషి మీదికి వచ్చి కూర్చున్నాయి. ఎవరూ అన్యాయం చెయ్యలేదు. అందరూ ఆమెను చెల్లెమ్మా, వదినా, అక్కయ్యా అనే పిలిచారు.

మధ్యాహ్నం విశ్వపతి గారు మంచు దులుపుకుంటూ వచ్చి, చల్లబడ్డ తన కాళ్లు రెండూ నా ముందు పెట్టారు.

“హైమా, ఏం మంచే అది! జన్మలో ఒక్కసారైనా చూసి తీరాలి. కాస్త కాఫీ ఇయ్యి.”

పేరిందేవి జపమాల ఆపింది. “పుట్టింటికొచ్చి కూడా వంటేనా హైమా? ఆ పార్వతీదేవైనా హిమవంతుడి ఇంట్లో గరిట పట్టి ఉండదే.”

“ఆవిడ మొగుడు బూడిద పూసుకుని శ్మశానంలో ఉంటాడు వదినా. మూడు పూటలా కాఫీ అడగడు,” అంది హైమవతి.

ఆమెకు సాయం చేద్దామని రెండో రోజు నేను ఒళ్లు దాచుకోకుండా మండాను. పప్పు చిటికెలో ఉడికింది, అన్నం వార్చడమైంది, పదిన్నరకల్లా వంట అయిపోయింది. హైమవతి స్వెట్టరు తొడుక్కుని గడప దాకా వెళ్లింది. అంతలో భక్తులు నా ఎదుట చేరి చేతులు కాచుకున్నారు. పొయ్యి ఇంత బాగా మండుతుంటే నాలుగు పకోడీలు పడితే బావుణ్ణు అన్నాడు నడుం పట్టిన ఆయన. నాకు సిగ్గేసింది.

“నేనలా ఒక్కసారి వాలు మీదికి వెళ్లొచ్చి వేస్తానండీ,” అంది హైమవతి.

విశ్వపతి గారు కళ్లజోడు మీదుగా చూశారు. “ఈ వయసులో కాలు విరిగితే ఇంటికెళ్లాక వండేదెవరు?”

“కాలు విరిగితే దానికి నొప్పి పుడుతుందని కూడా అనొచ్చు కదరా,” అంది పేరిందేవి.

“అదీ ఉందిలే. రేపు చూద్దాం.”

“రేపు బస్సండీ,” అంది హైమవతి.

“బస్సు మధ్యాహ్నం కదా. పొద్దున్న ఖాళీయే,” అన్నారాయన. ఆమె శనగపిండి కలిపింది.

మూడో రోజు పొద్దున్న ఖాళీ లేదు. యాత్ర ముగింపుకు స్వామికి చక్కెర పొంగలి నైవేద్యం పెట్టాలని సమాజం తీర్మానించింది. అయినా హైమవతి ఆశ వదల్లేదు. కుందన్ సింగ్ ఆమె కాలి కొలతకు ఒక జత బూట్లు వెతికి గుమ్మం పక్కన పెట్టాడు. “గిన్నె దింపగానే వచ్చెయ్యండమ్మా,” అన్నాడు. ఆమె తెల్లవారుతూనే పెసరపప్పు వేయించి, బియ్యం కడిగి, నా పక్కన సిద్ధంగా కూర్చుంది.

అప్పుడు పూణే నుంచి వచ్చిన కాలేజీ పిల్లల వంతు నడుస్తోంది. వాళ్లు నన్ను ఎర్రగా కాల్చి, నా మీద పెనం పెట్టి, గుడ్లు కొట్టి ఆమ్లెట్లు వేసుకున్నారు. తిని, పెనం తోమి, చెక్కలు భుజాన వేసుకుని వెళ్లబోతున్నారు. అదే సమయానికి విశ్వపతి గారు స్నానం చేసి, తడి అంగవస్త్రంతో వణుకుతూ లోపలికి వచ్చి ముక్కు పైకెత్తారు.

“ఏవిటీ వాసన?”

“గుడ్డు,” అంది పేరిందేవి స్పష్టంగా.

“ఇదే పొయ్యి మీదా? స్వామి నైవేద్యం వండే పొయ్యి మీదా?”

“పెనం తోమేశారు సార్,” అన్నాడు కుందన్ సింగ్.

“పెనం కాదయ్యా, పొయ్యి! పొయ్యి మైలపడింది.”

“ఏమండీ, అగ్నిహోత్రుడికి మైలేమిటండీ? ఆయనే అందరినీ శుద్ధి చేస్తాడంటారు. నన్ను పొంగలి పెట్టెయ్యనివ్వండి,” అంది హైమవతి. ఆమె చూపు గుమ్మం పక్కన బూట్ల మీద ఉంది.

“నువ్వుండు. శాస్త్రం నాకు తెలుసు.”

“రైల్లో కాఫీ తాగేటప్పుడు ఆ శాస్త్రం ఏ బోగీలో ఉంటుందిరా విశ్వం?” అంది అక్కగారు.

ఆయన వినిపించుకోలేదు. నా గురించి నేను చెప్పుకోకూడదు గాని, స్వామి స్తంభంలోంచి వచ్చాడని రోజూ పారాయణ చేసేవాళ్లకు, పొయ్యిలో ఉండడానికి ఆయనకేం అభ్యంతరమని తోచిందో నాకు అర్థం కాలేదు. విశ్వపతి గారు బయట మంచు కరిగిన నీళ్లు బిందెడు తెచ్చారు. చిటికెడు పసుపు వేశారు. మంత్రం చదివారు, స్వరం బావుంది. నాలుగు చుక్కలు చల్లుతారనుకున్నాను. శుద్ధి సంపూర్ణంగా ఉండాలని బిందె మొత్తం నా నెత్తిన వంచేశారు.

నేను అప్పటికి నిప్పు కంటే ఎర్రగా ఉన్నాను. పోత ఇనుము అన్నిటినీ భరిస్తుంది, అలాంటి చన్నీళ్లను తప్ప. ఫెళ్లుమని పైనుంచి కిందిదాకా చీలిపోయాను. ఒక మూత ఎగిరి అటకకు తగిలింది.

“నరసింహా!” అన్నారందరూ.

స్తంభం చీలినప్పుడు స్వామి వచ్చాడు. నేను చీలినప్పుడు పొగ వచ్చింది. భక్తులు దగ్గుతూ, మంకీ టోపీలు వెతుక్కుంటూ గుమ్మంలో ఒకరినొకరు తోసుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న పేరిందేవి అందరి కంటే ముందు గడప దాటింది.

కుందన్ సింగ్ నిప్పులన్నీ ఆర్పి, నా చీలికను వేలితో తడిమి చూశాడు. అరవలేదు. “ఇక అతకదు,” అన్నాడు.

“ఇనుము పాతది. నాణ్యత లేదు,” అన్నారు విశ్వపతి గారు.

లోపలుంటే ఇంకా పొగ వస్తుందని పూణే పిల్లలు, కుందన్ సింగ్ కలిసి దుడ్డుకర్రలతో నన్ను బయటికి దొర్లించారు. మంచులో పడగానే నా చుట్టూ ఆవిరి లేచింది. ఆవిరి తగ్గేసరికి, పక్కన హైమవతి గరిటతో నిలబడి ఉంది.

“ఇప్పుడు వంట?” అని అడిగింది.

“పొయ్యి లేదు కదమ్మా,” అన్నాడు కుందన్ సింగ్.

“పొంగలి?”

“దేని మీద?”

ఆమె కాసేపు నన్నే చూసింది. బాధపడిందనుకుంటాను, కొంచెం. తరవాత గరిటను జాగ్రత్తగా నా మీద పెట్టి, “వదినా, నా చీర కాస్త చూడండి,” అంది.

పేరిందేవి జపమాల మెళ్లో వేసుకుని పనిలోకి దిగింది. కుచ్చిళ్లు పోగుచేసి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి, బిగించి గోచీ దోపింది. అచ్చం మడికట్టు. కింద విశ్వపతి గారి ఉన్ని పైజమా, పైన స్వెట్టరు. “ఇన్నేళ్లూ దీన్ని వంటింట్లో కూర్చోవడానికే కట్టుకున్నామే, బంగారంలా కాళ్లు చాచొచ్చు దీంతో,” అంది. బూట్లు తొడిగారు. కుందన్ సింగ్ చెక్కలు బిగించి, ఆమె చెయ్యి పట్టుకుని వాలు పైకి నడిపించాడు.

“హైమా! పడతావ్!” అని కేకేశారు విశ్వపతి గారు.

పడింది. పది గజాలు కూడా జారకుండానే పడింది. ముఖమంతా మంచు. లేచి కూర్చుని ఉమ్మేసి నవ్వింది. పూణే పిల్లలు ఈల వేశారు. మళ్లీ పైకి ఎక్కింది. ఈసారి నా దాకా జారి వచ్చి పడింది. ఆమె మీద పొగ వాసన ఇంకా ఉంది, నాదే. మూడోసారి కుందన్ సింగ్ చెయ్యి వద్దని, ఇంకా పైకి వెళ్లింది.

నైవేద్యం వేడిగానే ఉండాలని స్వామి నియమం పెట్టాడో, ఆకలేసినవాళ్లు పెట్టారో నాకు తెలియదు. పొయ్యిని, అంత చదువు లేదు. నా చుట్టూ కూర్చున్న వాళ్లందరికీ వెచ్చదనం ఇస్తున్నానని ఇన్నేళ్లూ గర్వపడ్డాను. నా వల్లనే ఎవరైనా లోపల ఉండిపోతున్నారేమోనని ఒక్కసారీ ఆలోచించలేదు. చల్లబడితే గాని తోచలేదు. అక్కడ పడి నేను తుప్పు పడుతున్నాను, సరే. కుందన్ సింగుకు వచ్చే చలికాలానికి ఇంకో పొయ్యి దొరుకుతుంది. దాని మీద ఎవరు గుడ్లు కొడతారో, ఎవరు నీళ్లు పోస్తారో దాని రాత.

ఆ రోజు సంగతి ముగిస్తాను. బస్సు వచ్చే వేళవుతోంది. స్వామికి ఏదో ఒకటి పెట్టాలి కదా అని భక్తులు గొణిగారు.

“అటుకులున్నాయి, బెల్లం ఉంది. మీరే కలిపి పెట్టండి,” అని హైమవతి వాలు పైనుంచి అరిచింది.

విశ్వపతి గారు లోపలికి వెళ్లారు. గిన్నెలు పడిన చప్పుళ్లు వినిపించాయి. అటుకుల పొట్లం చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని పైకి చూశారు.

“హైమా! బెల్లం ఎక్కడ పెట్టావే?”

ఆమె మోకాళ్లు వంచి, ముందుకు వాలి, అప్పుడే కిందికి జారడం మొదలుపెట్టింది. గాలికి కొంగు వెనక్కి ఎగురుతోంది. వినబడిందో లేదో తెలియదు.

“బెల్లమే! బెల్లం!”

ఎర్ర సంచిలో, కందిపప్పు పొట్లం కింద ఉంది. నా ఎదురుగానే సర్దింది. నా తలుపు ఊడి వేలాడుతూ, నోరు బార్లా తెరుచుకునే ఉంది. అయినా నేను చెప్పలేదు.