గాలి చూసే టైము

ఏటా జనవరి ఆఖరి ఆదివారం చిత్తూరు నుంచి తిరుచానూరుకు టూరు పోవాలనేది ఢిల్లీబాబు పెట్టిన చట్టం. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా ముప్పై ఏండ్లు చేసి రిటైరైనాడు గానీ, ఆయన విజిలు రిటైరు కాలేదు. తెల్లారి నాలుగున్నరకు వీధిలో అది మోగిందంటే ఆడోళ్లు, మగోళ్లు, నిద్దర మొకాల పిల్లోళ్లు అందరూ బాడుగ సుమో ఎక్కాల్సిందే. ఈ టూరు ఎవురికీ ఇష్టం లేదు. ఎవురూ మానుకోరు. ఇంటిల్లిపాదీ కలిసి సంతోషంగా ఉండాలంటే ఆ మాత్రం బాధ పడాల్సిందేనని అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

తమ్ముడు జయరామ్‌కైతే వారం ముందర్నుంచే దిగులు పట్టుకుంటాది. యాభై ఆరేండ్లు వచ్చినాయి, కరెంటాఫీసులో సీనియర్ గుమాస్తా, ఇంతవరకూ ఒక్క తూరి గూడా కిటికీ సీటు దక్కలేదు. పోయేటప్పుడు ఒళ్లో చిత్రాన్నం గిన్నె, వచ్చేటప్పుడు అదే ఒళ్లో ఎవురి పిల్లోడో. అయినా ఏటా బయల్దేరతాడు. ఎందుకంటే తిరుగుదోవలో పూతలపట్టు దగ్గర మామిడితోపులో అన్నానికి బండి నిలబెడతారు. ఆడ ఆయనకు ఒక సుఖం ఉండాది.

ఆ సుఖం స్టెప్నీలో ఉంటాది. సుమో వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీ టైరుకు రెక్సీను కవరు ఉంది. దాని జిప్పు తీస్తే రిమ్ము గుంతలో బ్రాందీ సీసా. అది ఢిల్లీబాబుది. పోయేటప్పుడు అమ్మవారు, వచ్చేటప్పుడు సీసా. ఈ వరస ఆయన ఎన్నడూ తప్పలేదు. అన్నం తినినాక "టైర్లలో గాలి చూసొస్తా" అని బండి వెనక్కి పోతాడు. పది నిమిషాలకు లవంగం నములుకుంటా వస్తాడు. అప్పుడు జయరామ్ లేచి, "నేనూ ఒకసారి చూసొస్తా" అంటాడు. సోంపు నములుకుంటా వస్తాడు. ఆ ఇంట్లో అన్న ముందర తమ్ముడు తాగడు, తమ్ముడు చూస్తుండంగా అన్న తాగడు. అది మర్యాద.

"గాలి పొద్దున్నే పట్టించినా కదా సార్," అనేవాడు డ్రైవరు రవిచంద్ర, కొత్తలో.

"నువ్వుండు నాయనా," అనేది ఢిల్లీబాబు పెండ్లాం శకుంతలమ్మ. "వాళ్లిద్దరూ చూడకపోతే ఆ బండి కదలదు."

"వెనక సీట్లో లవంగం, ముందు సీట్లో సోంపు," అనేది జయరామ్ భార్య రూపశ్రీ. "నడమ నేను వక్కాకు అంగట్లో కూర్చున్నట్టుండాది."

కొన్నేండ్లు జయరామ్ అన్న సీసాలో దొంగతనం చేస్తా ఉండాననే అనుకున్నాడు. భయంభయంగా తాగేవాడు. తర్వాత ఒక సంగతి కనిపెట్టినాడు. సీసా ఏటా సరిగ్గా సగం దగ్గరే ఆగిపోయి ఉంటాది. పక్కనే పన్నీరు సోడా ఒకటి ఉంటాది. అన్నకు పన్నీరు సోడా పడదు, పెండ్లి పందిట్లో మొకాన చల్లించుకున్నట్టు ఉంటాదని తిడతాడు. ఆ సోడా ఇష్టంగా తాగేది ఇంట్లో జయరామ్ ఒక్కడే. అంటే ఆ సగం తన వాటా అని అర్థం చేసుకునేదానికి ఆయనకు తొమ్మిదేండ్లు పట్టింది. కరెంటాఫీసు లెక్కన అది తొందరగా అయినట్టే.

బ్రాందీలో పన్నీరు సోడా కలిపితే దాన్ని కాక్‌టైల్ అంటారని ఒక రిసెప్షన్లో బెంగుళూరు పిల్లోడొకడు చెప్పినాడు. అప్పట్నుంచి జయరామ్ దాన్ని ఇంకొంచెం గౌరవంగా తాగేవాడు.

ఈ ఏడు సంక్రాంతి కాకముందే ఢిల్లీబాబుకు ముద్ద దిగడం మానేసింది. వేలూరుకు తీసుకుపోతే డాక్టరు జయరామ్‌ను పక్కకు పిల్చి చెప్పినాడు. అన్నవాహికలో గడ్డ. ముదిరిపోయింది. మూడు నెల్లు, మహా అయితే నాలుగు.

అన్నకు గ్యాసని చెప్పినారు. ఇంట్లో అందరూ గ్యాసనే అంటారు. శకుంతలమ్మ రోజుకు మూడు తూర్లు జీలకర్ర నీళ్లు కాస్తాది. ఏడుపొచ్చినోళ్లు బాత్రూములోకి పోయి, కొళాయి తిప్పి ఏడ్చి, మొకం కడుక్కోని వస్తారు. ఒకరు వచ్చినాకే ఇంకొకరు పోతారు. ఆ ఇంట్లో ఈ పద్ధతి ఎవురికీ కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది.

"ఈ తూరి టూరు వద్దులే అన్నా," అన్నాడు జయరామ్.

"ఎందుకురా? గ్యాసున్నోళ్లను అమ్మవారు రానీదా?"

జయరామ్ పోయి ఎప్పటి సుమోనే బాడుగకు మాట్లాడొచ్చినాడు. ఆయనకు ఒకటే కోరిక ఉండాది. ఒక్క తూరి, ఒకే ఒక్క తూరి, ఆ మామిడితోపులో అన్న పక్కన కూర్చోని తాగాల. ఇరవై ఆరేండ్లు ఒకే సీసాలో తాగి, ఒక్కనాడు గూడా కలిసి కూర్చోలేదు. వచ్చే ఏటికి వాయిదా వేసేదానికి వచ్చే ఏడు లేదు. శనివారం సాయంత్రం తనే అంగడికి పోయి, సీసా, సోడా కొనుక్కోనొచ్చి స్టెప్నీ కవర్లో పెట్టినాడు.

ఆదివారం తెల్లారి నాలుగున్నరకు ఢిల్లీబాబు వాకిట్లో నిలబడి విజిలు నోట్లో పెట్టుకున్నాడు. ఊదినాడు. ఉస్సుమని గాలి వచ్చింది గానీ, మోత రాలేదు. ఇంకోసారి ఊదినాడు. రాలేదు. ఆయన విజిలు తీసి, అందులో ఏమన్నా ఇరుక్కుందేమోనన్నట్టు చూసినాడు. ఆ లోపలే అందరూ మోత విన్నట్టుగా ఉరుక్కుంటా వచ్చి బండి ఎక్కేసినారు. ఇన్నేండ్లలో చెప్పిన టైముకు బండి కదిలింది ఆ పొద్దు ఒక్కటే. జయరామ్‌కు కిటికీ సీటు గూడా దొరికింది. ఆయన అందులో కూర్చోలేక చిత్రాన్నం గిన్నె ఒళ్లో పెట్టుకోని నడిమికి జరిగినాడు.

దర్శనం తొందరగానే అయింది. శకుంతలమ్మ అమ్మవారి ముందర చానాసేపు నిలబడింది. ఏం మొక్కుకుందో ఎవురూ అడగలేదు.

మధ్యాన్నం తోపులో పట్టలు పరిచినారు. చెట్లన్నీ పూత మీదున్నాయి. ఢిల్లీబాబు పల్చటి మజ్జిగన్నం రెండు స్పూన్లు నోట్లో పోసుకోని, దాన్ని దించేదానికి పావుగంట కష్టపడినాడు. అందరూ ఆ పావుగంటా చిత్రాన్నంలో ఉప్పు గురించి మాట్లాడినారు.

తర్వాత ఆయన తొడ మీద చెయ్యి ఆనించి లేచి, "టైర్లలో గాలి చూసొస్తా," అన్నాడు.

రవిచంద్ర నోరు తెరవబోయి, శకుంతలమ్మను చూసి మూసుకున్నాడు.

జయరామ్ పది నిమిషాలు ఆగాల. ఆగలేదు. రెండు నిమిషాలకే లేచి వెనకాలే పోయినాడు. అన్న జిప్పు తీసి, సోడా సీసాలో నుంచి కొంచెం వంపేసి, దాంట్లోకి బ్రాందీ పోస్తా ఉన్నాడు.

"నీ టైము కాలేదు కదరా ఇంకా," అన్నాడు, తల తిప్పకుండానే.

"అన్నా. ఈ తూరి ఇద్దరం కూర్చుందాం."

ఢిల్లీబాబు మూత బిగించి, సోడా సీసాను రెండు తూర్లు తలకిందులు చేసినాడు.

"నాకు దిగదురా. నీళ్లే దిగడం లేదు."

"గ్యాసు తగ్గితే..."

"గ్యాసుకు నీళ్లు దిగకుండా పోతాయా? నేను డ్రిల్లు మాస్టరునే గానీ, సైన్సు మాస్టరు పక్క కుర్చీలో ముప్పై ఏండ్లు కూర్చున్నా అబ్బా."

జయరామ్ ఏదో అనబోయినాడు. గొంతులో నుంచి, పొద్దున విజిల్లో వచ్చినట్టే, వట్టి గాలి వచ్చింది.

"నాకు తెలుసని మీ వదినకు చెప్పొద్దు," అన్నాడు ఢిల్లీబాబు. "జీలకర్ర నీళ్లు కాస్తా ఉండాది. కాయనీ. అది మానేస్తే ఆమెకు పొద్దు పోదు."

"అన్నా, తాగొద్దులే. ఊరికే పక్కన కూర్చో."

"ఇన్నేండ్లు మర్యాదగా గడిపినాం. ఇప్పుడు మూడు నెల్లకు దాన్ని చెడగొట్టుకుంటామా?"

మూడు నెల్లని ఆయనకెవురూ చెప్పలేదు.

ఢిల్లీబాబు సీసా తమ్ముడి చేతిలో పెట్టి, బండి పట్టుకోని మెల్లిగా మూల తిరిగి, పక్క చక్రానికి వీపు ఆనించి కింద కూర్చున్నాడు. ఆడికి జయరామ్ కనపడడు. జయరామ్‌కు ఆయన కాళ్లు మాత్రం కనపడతా ఉండాయి. ఆ చెప్పులు పోయిన ఏడు కొన్నవి, ఇప్పుడు వదులుగా ఉండాయి.

"తాగు. నేను చూడను."

జయరామ్ స్టెప్నీ కింద కూర్చోని ఒక గుక్క తాగినాడు. పన్నీరు వాసన ముక్కుకెక్కింది.

"సోడా ఎక్కువైందా?" అని అడిగినాడు అన్న, చక్రం దగ్గర్నుంచి.

"లేదన్నా."

"నేను ఎప్పుడూ ఆ రెండూ కలిపి తాగి చూడలేదు. ఎట్లుంటాది?"

జయరామ్ ఇంకో గుక్క తాగి చెప్పినాడు. "ముందర తియ్యగా ఉంటాది. తర్వాత మండతాది. తర్వాత వాసనొకటే మిగుల్తాది."

"బాగుండాదా?"

"బాగుండాదన్నా."

"మరి తాగు. వృథా చేయొద్దు."

ఆయన తాగినాడు. ఏడ్చేది అన్నకు వినపడకుండా, గుక్కకూ గుక్కకూ మధ్య ఏడ్చినాడు. అవతల అన్న మామిడి పూత గురించి, మంచు పడకపోతే ఈ ఏడు కాపు ఎంత వస్తాదనే దాని గురించి, ఎవురికో చెప్తున్నట్టు చెప్పుకుంటా పోయినాడు. అంతసేపు మాట్లాడి నెల దాటింది.

"ఏమబ్బా, గాలి చూడడం అయిందా?" అని అవతలి పక్కనుంచి శకుంతలమ్మ పిల్చింది. "పిల్లోళ్లు అలిసిపోయినారు."

"అయిపోవచ్చింది," అన్నాడు ఢిల్లీబాబు.

సోడా సీసా ఖాళీ అయింది. జయరామ్ జోబి తడుముకున్నాడు. సీసా, సోడా గుర్తు పెట్టుకోని కొన్నాడు గానీ, సోంపు మర్చిపోయినాడు. అప్పుడు బండి మూల నుంచి ఎముకలు తేలిన ఒక చెయ్యి ఇవతలికి వచ్చింది. అరచేతిలో కాగితం పొట్లం. లవంగాలు కాదు, సోంపు.

జయరామ్ ఒక్కొక్క గింజే తీసుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి పోలేదు, అట్లనే పట్టుకోని ఉండాది. ఆయన గింజలు తీసుకుంటానే ఉండాడు.