గట్టెక్కిన వీరదుర్గ

వీరదుర్గకు కాలు నిలవడం లేదు. తెల్లారితే పొక్లెయిన్ వస్తుంది. అమ్మ పసుపుకుంకుమల కింద రాసిచ్చిన కొబ్బరితోటను తవ్వి రొయ్యల చెరువు చేస్తానని బావగారు గంగబాబు తేల్చేశాడు. మొగుడు చిన్నబ్బాయికి అన్న మాటే వేదం. ఆమె బతిమాలింది, పోట్లాడింది, అన్నం మానేసింది. అలిగిందిలే అని అన్నదమ్ములిద్దరూ నవ్వేసి ఊరుకున్నారు.

ఆడగాలి తగిలితే రొయ్య చస్తుందట! ఆ భయంతో గంగబాబు తన పాత చెరువు గట్టు మీద ఆడవాళ్ళను అడుగు పెట్టనివ్వడు. ఇంత పిరికివాడికి ఆ భయమే మందు అనుకుంది. చీకటి పడకముందే గట్టెక్కి, కోసిన నిమ్మకాయలు, కుంకం, ఇంత జుట్టు పెట్టి వచ్చేసింది. చిల్లంగి, చేతబడి ఎలా చేస్తారో ఆమెకేం తెలుసు? తోచింది పెట్టింది.

ఆ రాత్రి మబ్బు పట్టింది, కరెంటు పోయింది, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయి. పొద్దున్నకి రొయ్య చచ్చి తేలింది. గాలందక చచ్చిందని గంగబాబుకీ తెలుసు. కానీ నిమ్మకాయలు కనబడ్డాక ఆ మాట ఎవడిక్కావాలి?

నేరుగా వెళ్ళి, చిల్లంగి పెట్టింది నువ్వేనంటూ, గట్టు కింద పాకలో ఒంటరిగా ఉండే ముసలి చిట్టెమ్మను జుట్టు పట్టుకుని ఇంటి ముందుకు ఈడ్చుకొచ్చేడు. నలుగురూ చేరి కొట్టడం మొదలెట్టేరు. నోరు మూసుకుంటే తన మీదికేం రాదని వీరదుర్గకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆవిణ్ణి వదిలెయ్యండి బావగారూ. పెట్టింది నేనండి."

"నువ్వా?"

"ఆయ్, నేనేనండి. నా తోట జోలికొస్తే ఈసారి చెరువుతో ఆగదండి."

గంగబాబు చెయ్యి దానంతటదే వదులైంది. చిన్నబ్బాయి వెళ్ళి అన్న వెనకాల నక్కేడు. అప్పుడే వచ్చిన పొక్లెయిన్‌ను, ఎవరూ చెప్పకుండానే, డ్రైవరు వెనక్కి తిప్పేసేడు.

తోట దక్కింది. ఆ సంతోషంలోనే గ్లాసుతో నీళ్ళు తెచ్చి, పెదవి చిట్లి కూలబడ్డ చిట్టెమ్మ ముందు కూర్చుంది.

"తాగత్తా."

చిట్టెమ్మ గ్లాసు వంక చూసి, పాక్కుంటూ వెనక్కి జరిగింది. రెండు చేతులూ జోడించింది. "నీకు దణ్ణం పెడతాను తల్లీ. నన్నేం చెయ్యకు."

నాకేమీ రాదత్తా, ఉత్త నిమ్మకాయలే అన్న మాట వీరదుర్గ నాలిక చివరిదాకా వచ్చింది. నాలుగడుగుల అవతల గంగబాబు చెవులు రిక్కించి నిలబడి ఉన్నాడు. ఆమె ఆ మాట మింగేసి, గ్లాసు అక్కడే పెట్టి లేచింది.